‘చూస్తాను’ అంటే ఆయన ‘సరే’ అని రాసుకున్నారు

ప్రశ్న:

మేడమ్, నా వయసు 29. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. ఎనిమిది నెలల కిందట కొత్త టీమ్‌లోకి మారాను. మేనేజర్‌ది నెదర్లాండ్స్. టీమ్‌లో జపాన్, జర్మనీ, బ్రెజిల్ వాళ్లున్నారు. అందరం వీడియో కాల్స్‌లోనే కలుస్తాం. మొదటి నెలలోనే ఒకటి జరిగింది. ‘శుక్రవారానికి టెస్టింగ్ పూర్తవుతుందా?’ అని మేనేజర్ అడిగారు. అవదని నాకు తెలుసు. కొంచెం ఆగి, ‘చూస్తాను, ప్రయత్నిస్తాను’ అన్నాను. ఆయన ప్లాన్‌లో శుక్రవారం అని వేసేశారు. శుక్రవారానికి పని కాలేదు. ‘నువ్వే కదా ఒప్పుకున్నావు’ అని అందరి ముందూ అడిగారు. నేను ఒప్పుకోలేదని ఎలా చెప్పాలో తెలియలేదు. విచిత్రం ఏమిటంటే, ‘నువ్వు ఆ మాట అన్నప్పుడే అవదని నాకు అర్థమైంది’ అని జపాన్ అమ్మాయి తర్వాత మెసేజ్ పెట్టింది.

ఇంకోసారి నా రిపోర్టు స్క్రీన్ మీద పెట్టి ‘ఇది బాగోలేదు, మళ్లీ రాయాలి’ అన్నారు. కాల్ అయ్యాక ఏడ్చాను. అరగంట తర్వాత ఆయనే ఫోన్ చేసి, ఏమీ జరగనట్టు సెలవులు ఎలా గడిచాయని అడిగారు.

మొన్న కంపెనీలో వేర్వేరు సంస్కృతుల వాళ్లతో పనిచేయడం గురించి ఒకరోజు ట్రైనింగ్ పెట్టారు. దేశదేశానికీ స్కోర్లు, బార్ చార్టులు. అప్పటినుంచి టీమ్‌లో ఒకతను నేనేం చేసినా ‘మీ దేశం స్కోరు అంతే కదా’ అంటున్నాడు. నవ్వుతూనే అంటాడు. నాకిప్పుడు నామీద నాకే అనుమానంగా ఉంది. నేను ఇలా ఉండడం నా స్వభావమా, మా దేశం నేర్పిందా? నేను మారాలా? ఎప్పటికీ నన్ను నేను అనువాదం చేసుకుంటూనే బతకాలా?

ఒక పాఠకురాలు

సమాధానం:

ముందు ఆ శుక్రవారం సంగతి తేల్చుకుందాం. మీ మిగతా ప్రశ్నలన్నీ దాని వెనకాలే వరసగా నిలబడి ఉన్నాయి.

‘చూస్తాను’ అనే మాట మన నోట్లో ఎన్ని పనులు చేస్తుందో గమనించండి. అడిగిన వెంటనే చురుగ్గా అంటే ‘అయిపోతుంది, నాకొదిలేయండి’ అని. ఒక క్షణం ఆగి, గొంతు దించి అంటే ‘కష్టమే, కానీ మొహం మీద కాదనలేను’ అని. ‘చూస్తాన్లే’ అంటూ చేయి ఊపితే ‘ఇక ఈ సంగతి వదిలేయండి’ అని. మాట ఒకటే. అర్థం మాత్రం ఆగిన తీరులో, గొంతులో, ఎవరు ఎవరితో అంటున్నారనే దానిలో ఉంది. మీరు ఆ రోజు ఇంగ్లిషులోనే మాట్లాడి ఉంటారు. అయితే ఏం, మాటలు ఇంగ్లిషువి, ఆగిన తీరు మీది. అసలు జవాబు ఆ ఆగడంలో పెట్టి పంపించారు. మీ మేనేజర్ మాటలు మాత్రమే అందుకున్నారు. జపాన్ అమ్మాయి రెండూ అందుకుంది.

ఈ తేడాకు ఒక పేరుంది. ఎడ్వర్డ్ టి. హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1950లలో విదేశాలకు వెళ్లే దౌత్య ఉద్యోగులకు శిక్షణ ఇచ్చేవాడు. ఎదుటి దేశం భాష వచ్చినంత మాత్రాన ఆ దేశంవాళ్లు చెప్పేది అర్థం కాదని ఆయన గట్టిగా నమ్మాడు. 1976లో దానికి ‘హై కాంటెక్స్ట్’, ‘లో కాంటెక్స్ట్’ అని పేర్లు పెట్టాడు. కొన్ని సమాజాల్లో చెప్పాల్సింది చాలావరకు మాట బయటే ఉంటుంది. వినేవాడు దాన్ని పట్టుకోవాలి, పట్టుకోలేకపోతే తప్పు వాడిదే. ఇంకొన్నిచోట్ల మాటే మొత్తం బరువు మోయాలి. అర్థం కాకపోతే తప్పు చెప్పినవాడిది. హాల్ జపాన్‌ను మొదటి కొస దగ్గర, జర్మన్ మాట్లాడేవాళ్లను రెండో కొస దగ్గర పెట్టాడు. జపాన్‌లో దీనికి నుడికారమే ఉంది: ‘గాలిని చదవడం’ అంటారు. గదిలో ఎవరూ పైకి అనని విషయాన్ని పసిగట్టడం అన్నమాట. అది చేతకానివాణ్ణి మొద్దుకింద లెక్కేస్తారు.

కాబట్టి మీరు అబద్ధం ఆడలేదు. ఆయన మిమ్మల్ని ఇరికించలేదు. మీ లెక్కలో మీరు ‘కాదు’ అన్నారు, ఆయన లెక్కలో ‘అవును’ విన్నారు. మధ్యలో పని కిందపడింది.

ఇంకో చిన్న సంగతి. 2009లో పది భాషల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఒకరు ప్రశ్న అడిగాక ఇంకొకరు జవాబు మొదలుపెట్టడానికి ఎంతసేపు పడుతుందో అందులో కొలిచారు. అన్ని భాషలూ కలిపి చూస్తే ఆ ఖాళీ సెకనులో ఐదో వంతు. జపనీస్‌లో దాదాపు ఖాళీయే లేదు. అన్నిటికంటే నెమ్మది డేనిష్, అక్కడ కూడా అర సెకనుకు లోపే. అంటే దేశాల మధ్య మనం పర్వతాల్లా ఊహించుకునే తేడా ఇక్కడ అర సెకను దాటలేదు. అయినా మన చెవి ఆ కాస్తనే పట్టుకుని, ‘ఈయన ఇష్టంలేక మాట్లాడుతున్నాడు’ అని తేల్చేస్తుంది. మరి వీడియో కాల్‌లో? గొంతు చేరడమే కాస్త ఆలస్యంగా చేరుతుంది. మీరు ఎంతో ఆలోచించి, ఇబ్బందిపడి, ‘కాదు’ అనే అర్థం నింపి పెట్టిన ఆ మౌనం మీ మేనేజర్‌కు నెట్‌వర్క్ సమస్యలా వినిపించి ఉంటుంది.

ఇలాంటి మౌనం దగ్గర నేనూ బోర్లా పడ్డాను, అందుకే చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక ఆఫీసులో ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఇద్దరితో ఒప్పందం మాట్లాడే పని నాకు అప్పగించారు. నేను ధర చెప్పాను. వాళ్లు మాట్లాడలేదు. నాకు చెమటలు పట్టాయి. ఎక్కువైందేమో అని నేనే కొంచెం తగ్గించాను. మళ్లీ మౌనం. ఇంకొంచెం తగ్గించాను. వాళ్లు కాగితం మీద ఏదో లెక్క వేసుకుంటున్నారంతే, నేను ఆగితే మొదటి ధరకే ఒప్పుకునేవాళ్లట. తర్వాత వాళ్లే నవ్వుతూ చెప్పారు. బుద్ధొచ్చింది అనుకున్నాను. ఆ మరుసటి ఏడు ఇంకో ఫిన్లాండ్ ఆయన వచ్చాడు. ఈసారి నేను గంభీరంగా, నిండుగా మౌనం పాటించాను. ఆయన వాగుడుకాయ. పది నిమిషాలు చూసి, ‘నామీద ఏమైనా కోపమా?’ అని అడిగాడు.

మీ ట్రైనింగ్ చార్టుల మీద నాకున్న అభిప్రాయం ఆ రెండు ఏళ్లలోనే ఉంది. మొదటి ఏడు చార్టు చూసి ఉంటే డబ్బు మిగిలేది. రెండో ఏడు చార్టు నమ్మినందుకే నవ్వులపాలయ్యాను.

ఆ చార్టులు ఎక్కడివో మీకు చెప్పి ఉండరు. హేర్ట్ హాఫ్‌స్టెడ్ అని నెదర్లాండ్స్ ఆయనే, మొదట మెకానికల్ ఇంజినీరు. ఐబీఎంలో పనిచేసేటప్పుడు 1967 నుంచి 1973 మధ్య ఆ కంపెనీ వివిధ దేశాల శాఖల్లో ఉద్యోగుల దగ్గర ప్రశ్నపత్రాలు నింపించారు. లక్షకు పైగా పోగయ్యాయి. ఒకే కంపెనీ, దాదాపు ఒకే రకం ఉద్యోగాలు, దేశం మాత్రమే వేరు, కాబట్టి జవాబుల్లో తేడా దేశానిదే అయి ఉండాలి అన్నది ఆయన వాదన. 1980లో ఆ లెక్కలతో పుస్తకం రాశాడు. పైవాడి అధికారాన్ని కిందివాళ్లు ఎంత సహజంగా తీసుకుంటారు, మనిషి తనను ఒంటరిగా చూసుకుంటాడా గుంపులో భాగంగానా, గెలుపుకు విలువెక్కువా ఒద్దికకా, రేపు ఏమవుతుందో తెలియకపోతే ఎంత టెన్షన్ పడతారు, ఇలా నాలుగు కొలతలు. తర్వాత ఇంకో రెండు చేరాయి. వాటిలో మొదటిదాని పేరు అధికార దూరం, అంకె ఎంత పెద్దదైతే పైవాడి అధికారాన్ని అంత సహజంగా తీసుకుంటారని. అందులో మలేసియాకు 104, ఆస్ట్రియాకు 11 వచ్చాయి. మీ దేశం స్కోరు ఎంతో కావాలనే ఇక్కడ రాయడంలేదు. రాస్తే ఈ ఉత్తరం పక్కనపెట్టి ఆ అంకెలో మిమ్మల్ని మీరు వెతుక్కుంటారు.

ఈ పని గొప్పది. దీని మీద వచ్చిన విమర్శ కూడా గట్టిదే. 2002లో బ్రెండన్ మెక్‌స్వీనీ అనే పరిశోధకుడు, ఒక్క కంపెనీ ఉద్యోగులు మొత్తం దేశానికి ఎలా నమూనా అవుతారని నిలదీశాడు. కొన్ని దేశాల నుంచి వచ్చిన పత్రాలు రెండు వందలు కూడా లేవని చూపించాడు. ఆలోచిస్తే నిజమే కదా, 1970లో ఐబీఎంలో ఉద్యోగం ఉన్నవాడు ఏ దేశంలోనైనా సగటు మనిషా? ఆ తగవు ఇప్పటికీ తెగలేదు. మీకూ నాకూ కావాల్సింది మాత్రం ఇద్దరూ ఒప్పుకునే ఒక్క ముక్క: ఆ అంకె దేశం సగటుది, మనిషిది కాదు. హాఫ్‌స్టెడ్ స్వయంగా ఈ హెచ్చరిక చేశాడు. ట్రైనింగులు ఇచ్చేవాళ్లు ఆ పేజీ తిప్పేస్తారు.

బడిలో ఎ సెక్షన్ సగటు 62 మార్కులు, బి సెక్షన్ సగటు 58 అనుకోండి. సెక్షన్ల మధ్య తేడా ఉన్న మాట నిజం. కానీ ఒక పిల్లను చూపించి ‘ఈమెది బి సెక్షన్, ఎన్ని మార్కులొచ్చాయో చెప్పు’ అంటే ఎవరైనా చెప్పగలరా? విలువల సర్వేల్లోనూ ఇదే తీరు. దేశానికీ దేశానికీ మధ్య ఉండే తేడా కంటే ఒకే దేశంలో మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడా చాలా పెద్దది. అసలు దేశం అనేదే సరైన గీతేనా అన్నదీ ప్రశ్నే. చైనాలో వెయ్యి మందికి పైగా విద్యార్థుల మీద చేసిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. తరతరాలుగా వరి పండించే దక్షిణ ప్రాంతాలవాళ్లు, గోధుమ పండించే ఉత్తర ప్రాంతాలవాళ్ల కంటే తమను ఎక్కువగా గుంపులో భాగంగా చూసుకుంటున్నారని అందులో తేలింది. వరికి నీళ్లు పంచుకోవాలి, నాట్లకు ఒకరికొకరు సాయంపట్టాలి, గోధుమకు అంత అక్కర్లేదు, అదీ కారణం అంటారు ఆ పరిశోధకులు. కారణం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఒకే ప్రభుత్వం కింద, ఒకే జాతి ప్రజల్లో ఇంత తేడా ఉంది.

మీ సహోద్యోగి ‘మీ దేశం స్కోరు’ అన్నప్పుడు వాదన పెట్టుకోవద్దు. ‘అది దేశం స్కోరు. నాది తెలుసుకోవాలంటే నన్ను అడుగు’ అని అదే నవ్వుతో అనండి. రెండోసారి కూడా అనండి. మూడోసారికి నవ్వు తీసేసి అనండి. అతను ఏ దేశంవాడో మీరు రాయలేదు, మంచిపని చేశారు. రాసి ఉంటే నేనూ ఓ అంచనా కట్టేసి కూర్చునేదాన్ని.

ఇక మీ రిపోర్టు సంగతి. ఇక్కడ కొంచెంసేపు ఆగాలి.

‘ఇది బాగోలేదు’ అన్న అరగంటకు ఆయన సెలవుల కబుర్లు చెప్పడం మీకు వింతగా ఉంది. ఆయనకు అందులో వింత ఏమీ లేదు. నెదర్లాండ్స్ వాళ్ల మాటతీరు ముక్కుసూటిగా ఉంటుందని అక్కడివాళ్లే ఒప్పుకుంటారు, కొందరు గర్వంగానే. పని వేరు, పని చేసిన మనిషి వేరు అన్నది ఆ తీరు వెనకున్న నమ్మకం. రిపోర్టును కాదంటే రిపోర్టునే కాదన్నట్టు. పైగా తప్పును మెత్తని మాటల్లో చుట్టి చెబితే, ‘నిజం చెబితే తట్టుకోలేదని అనుకుంటున్నారా’ అని అవతలివాళ్లకు అవమానంగా ఉంటుంది కూడా. మీకు నేర్పింది వేరు. మాట ఎంత కటువుగా ఉంది అన్నదానికంటే ఎంతమంది ముందు పడింది అన్నది ముఖ్యం. ఒక్కరే ఉన్నప్పుడు ఆ మాటే అని ఉంటే మీరు ఏడ్చేవాళ్లు కాదేమో. ఆలోచించండి.

అయితే ‘ఆయన దేశం అంత’ అని మీరు అనుకుని ఊరుకుంటే, మీ సహోద్యోగి మీకు చేస్తున్నదే మీరు ఆయనకు చేసినట్టు. సంస్కృతి అనే మాట వెనక ఉత్త మొరటుతనం కూడా హాయిగా దాక్కుంటుంది. దీనికి నేను వాడే పరీక్ష ఒకటుంది. ఆయన తన పైవాళ్లతో ఎలా మాట్లాడతారో చూడండి. డైరెక్టర్ కాల్‌లో ఉన్నప్పుడు కూడా ‘ఈ ప్లాన్ బాగోలేదు’ అని అదే గొంతుతో అంటే, అది ఆయన పెరిగిన తీరు. మీలాంటి కిందివాళ్లతో మాత్రమే సూటిగా ఉండి, పైవాళ్ల దగ్గర మాటలు వెతుక్కుంటుంటే, అది ఏ దేశం సంస్కృతీ కాదు, దబాయింపు. ఇంకోటి, మీరు ఆయన ప్లాన్‌లో తప్పు చూపించి చూడండి. సూటిదనం నిజమైనదైతే తీసుకోవడం కూడా తెలిసి ఉంటుంది. చిన్న తప్పుతోనే మొదలుపెట్టండి, ఒకేసారి పెద్దదానికి పోవద్దు.

ఇదే పరీక్షను మీమీదా పెట్టుకోండి. ‘ఇది నా స్వభావమా, దేశమా’ అని అడిగారు కదా. మీ జూనియర్ ఎవరైనా శుక్రవారానికి ఏదైనా అడిగితే మీరు ‘చూస్తాను’ అంటారా, ‘కుదరదు’ అంటారా? మీ స్నేహితురాలితో? అక్కాచెల్లెళ్లతో? వాళ్లతో ‘కుదరదు’ అని తేలిగ్గా అనగలిగితే, మీకు ‘కాదు’ అనడం రాక కాదు. పైవాళ్లతో అనడం రాదు. అది కొంత మీరు పెరిగిన సమాజం నేర్పిందే. కొంత మీ బడి నేర్పింది, కొంత మీ ఇల్లు, కొంత మీ మొదటి ఉద్యోగంలో ‘కాదు’ అన్నందుకు ఎవరో అరిచిన ఒక సాయంత్రం. వీటిని విడదీసి ఇంత శాతం దేశం, ఇంత శాతం నేను అని తూకం వేయలేం. వేయగలిగినా మీకు ఒరిగేది లేదు.

‘మారాలా’ అన్నదానికి నా జవాబు ఒక పార్కింగ్ కథ. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితికి వచ్చిన వివిధ దేశాల దౌత్యవేత్తలకు పార్కింగ్ జరిమానాలు కట్టకపోయినా ఎవరూ ఏమీ చేయలేని పరిస్థితి ఉండేది. 1997 నుంచి 2002 వరకు కట్టని చలాన్లు లక్షా యాభై వేలు దాటాయి. రేమండ్ ఫిస్మన్, ఎడ్వర్డ్ మిగెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఏ దేశం ఎన్ని కట్టలేదో లెక్క తీసి 2007లో ప్రచురించారు. ఊరు ఒకటే, వీధులు అవే, శిక్ష ఎవరికీ లేదు. అయినా స్వీడన్, నార్వే వాళ్లకు కట్టని చలాను ఒక్కటీ లేదు. సొంత దేశంలో అవినీతి ఎక్కువున్న చోటి నుంచి వచ్చినవాళ్లకు కుప్పలుగా ఉన్నాయి. అంటే మనిషి విమానం ఎక్కితే అతని దేశమూ ఎక్కుతుంది. ఇక్కడిదాకా చదివి చాలామంది పుస్తకం మూసేస్తారు. అసలు సంగతి తర్వాత ఉంది. 2002 చివర్లో, బాకీపడినవాళ్ల కార్లకు దౌత్య నంబరు ప్లేట్లు పీకేయడం మొదలుపెట్టారు. కట్టని చలాన్లు దాదాపు 98 శాతం పడిపోయాయి. ఆ దౌత్యవేత్తల విలువలు ఒక్క శీతాకాలంలో మారిపోయాయా? లేదు. పద్ధతి మారింది, దాంతో పాటు నడక మారింది.

విలువలు మెల్లగా కదులుతాయి, నడక త్వరగా కదులుతుంది. మీరు మార్చుకోవాల్సింది ఆ రెండోదే. అదీ మీరొక్కరే కాదు, మీ టీమ్ మొత్తం.

మాటల విషయంలో ఇది ఎంతదూరం వెళ్తుందో చెప్పే ఘటన ఒకటుంది. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న ఏవియాంకా 52 విమానాన్ని వాతావరణం బాగోక గంటకు పైగా గాల్లోనే తిప్పారు. ఇంధనం అయిపోతోంది. మొదటిసారి దిగడం కుదరక మళ్లీ పైకి లేచాక, ఎమర్జెన్సీ అని చెప్పమని కెప్టెన్ కో పైలట్‌తో అన్నాడు. కో పైలట్ కంట్రోలర్‌తో అన్నది ‘మాకు ఇంధనం అయిపోతోంది’ అని. ఎమర్జెన్సీ అనే మాట ఆ రేడియోలో ఒక్కసారీ రాలేదు. రద్దీగా ఉన్న రాత్రి కంట్రోలర్ చెవికి అది ఒక సమాచారంలా వినపడిందేగాని, కేకలా వినపడలేదు. విమానం కూలింది. 158 మందిలో 73 మంది పోయారు. తర్వాత చాలామంది దీన్ని అధికారం ముందు గొంతు పెగలని సంస్కృతి కథగా చెప్పారు. కొంత నిజం ఉండొచ్చు. కానీ అమెరికా దర్యాప్తు సంస్థ నివేదికలో ఇంకో మాట కూడా ఉంది: ఇంధనం తక్కువైనప్పుడు పైలట్లూ కంట్రోలర్లూ వాడాల్సిన మాటలు అందరికీ ఒకే అర్థం వచ్చేలా లేవని. ఇప్పుడు ప్రపంచమంతా ఆ సందర్భానికి పైలట్లు అనాల్సిన మాటలు ఖాయంగా ఉన్నాయి. ఏ దేశం పైలట్ అయినా, ఎంత మొహమాటస్తుడైనా, ‘మేడే ఫ్యూయల్’ అంటే ఒకటే అర్థం: ఇంధనం అయిపోతోంది, ఇది ఎమర్జెన్సీ అని. కొలంబియావాళ్ల స్వభావం మార్చాల్సిన అవసరం రాలేదు.

మీ టీమ్‌కు కూడా అలాంటి మాటలు కావాలి. మేనేజర్‌తో విడిగా ఒక పావుగంట అడగండి. ‘నాకు బాధేసింది’తో మొదలుపెట్టకండి, ఆ శుక్రవారంతోనే మొదలుపెట్టండి. ‘ఆ రోజు నేను చూస్తాను అన్నప్పుడు నా ఉద్దేశం కష్టమని. మీకు సరే అని వినపడింది. ఇకమీదట నేను తేదీ చెబితేనే ఒప్పుకున్నట్టు. తేదీ చెప్పకపోతే ఒప్పుకోనట్టు.’ ఇంతే. సూటిగా మాట్లాడేవాళ్లతో ఉన్న సుఖం ఏమిటంటే, ఇలా చెబితే వాళ్లు నొచ్చుకోరు, నోట్ చేసుకుంటారు. అక్కడే ఇంకోటి అడగండి: ‘అవుతుందా’ అని కాకుండా ‘ఎప్పటికి అవుతుంది, దేనివల్ల ఆగిపోవచ్చు’ అని అడగమని. ‘అవుతుందా’ అని పైవాడు అడిగితే, చాలాచోట్ల దానికి ఉన్న మర్యాదైన జవాబు ఒక్కటే. ప్రశ్న మారితే అబద్ధానికీ అవమానానికీ మధ్య ఎంచుకోవాల్సిన బాధ తప్పుతుంది. రిపోర్టుల మీద తప్పులు ముందు రాసి పంపమని, తర్వాత కాల్‌లో మాట్లాడదామని కూడా అడగొచ్చు. అది దయ కోసం అడగడం కాదు, రాసి ఉంటే మీరు త్వరగా సరిచేయగలరు.

మళ్లీ ఆ ప్రశ్న వచ్చినప్పుడు ఏమనాలో అక్షరాలా రాస్తాను, కావాలంటే స్క్రీన్ పక్కన అంటించుకోండి: ‘ఈ శుక్రవారానికి కాదు. వచ్చే బుధవారానికి అవుతుంది. శుక్రవారమే కావాలంటే మూడో భాగం టెస్టింగ్ వదిలేయాలి. ఏది చేయమంటారు?’ మొదటి వాక్యం చూడండి, అందులో ‘కాదు’ ఉంది. ఆ వెంటనే ఒక తేదీ ఉంది. చివర్లో నిర్ణయం మళ్లీ ఆయన చేతికే వెళ్లింది. మీకు నేర్పిన మర్యాద ఎక్కడా చెడలేదు, పైవాడి స్థానం పైవాడికే ఉంది. మొదటిసారి గొంతు వణుకుతుంది. చాట్‌లో టైప్ చేయండి, అక్కడ వణుకు కనపడదు.

‘ఎప్పటికీ అనువాదం చేసుకుంటూనే బతకాలా’ అన్నారు. ఇది చదివి నాకు మీమీద జాలి కంటే కాస్త కోపం వచ్చింది, ఏమనుకోకండి. మీరు ఇప్పటికే రోజంతా చేస్తున్న పనే కదా ఇది. పసిపిల్లతో ఒకలా, డాక్టరుతో ఒకలా, అలిగిన స్నేహితురాలితో ఇంకోలా మాట్లాడుతూనే ఉన్నారు. అందులో ఎక్కడా మీరు పోలేదు. అలసట నిజమే, అది అనువాదం వల్ల వచ్చింది కాదు, అనువాదం మీరొక్కరే చేస్తుండడం వల్ల వచ్చింది. మీ మేనేజర్ కూడా కొంత మోయాలి. మోయమని ఆయన్ని ఇప్పటిదాకా ఎవరూ అడిగి ఉండరు, అంతే.

ఒక్కటి మాత్రం మీ ఉత్తరం చదివినప్పటినుంచి నన్ను తొలుస్తోంది. జపాన్ అమ్మాయికి శుక్రవారం అవదని అప్పుడే అర్థమైందన్నారు. మరి ఆ కాల్‌లోనే ఆమె ఎందుకు నోరు విప్పలేదు? మీ పరువు కాపాడాలనా, అది తన పని కాదనా, లేక ఆ రోజు మైకు పనిచేయలేదా? ‘వాళ్లు అంతే’ అని మీరూ నేనూ అనుకోకముందే ఆమెనే అడిగి చూడండి. ఏమందో నాకూ రాయండి.